నాలుగు వేళ్ల పుంటికూర

బడులకు సెలవులిచ్చిన మర్నాడే మా కోడలు ఫ్రిజ్ మీద ఒక చార్టు అతికించింది. రంగురంగుల గళ్లు, గడికో గంట. తొమ్మిదింటికి డ్రాయింగు, పదింటికి మట్టిబొమ్మలు, పన్నెండింటికి కథల పుస్తకం. మధ్యాహ్నం ఒంటిగంటకు 'క్వైట్ టైమ్' అట. అంటే నోరు మూసుకుని కూర్చోవడానికి కూడా ఒక గడి ఉంది. నేను అయిదో తరగతితోనే బడికి దండం పెట్టినదాన్ని. అయినా ఆ చార్టు మొత్తం కూడబలుక్కుని చదివాను, ఎందుకంటే అందులో నేను కూడా ఉన్నానని మనవరాలు చెప్పింది. ఉన్నాను. పదకొండు నుంచి పదకొండున్నర: 'నానమ్మ'. ఏం చెయ్యాలో రాయలేదు. పక్కన ఒక ప్రశ్న గుర్తు మాత్రం పెట్టింది.

"అత్తమ్మా, ఆ అరగంట పిల్లలతోని ఏం చేయిస్తరో మీరే చెప్పుర్రి," అంది కోడలు. "ఫోన్ ఇయ్యొద్దు. టీవీ పెట్టొద్దు. ఎండలకు తోలొద్దు. జర ఫన్ ఉండాలె."

"ఫన్ అంటె?"

"అంటె... నవ్వుకుంట నేర్చుకోవాలె."

కుర్చీలో పేపరు చదువుతున్న మా ఆయన తల ఎత్తకుండానే అందుకున్నాడు. "మీ అత్తమ్మకు నవ్వుడొక్కటే వస్తది. నేర్చుకునుడు రాదు."

"నీకు రెండూ రాకున్నా ఇన్నేండ్లు నీతోని కాపురం చేసిన కద," అన్నాను. కోడలు నవ్వుకుంటూ లాప్‌టాప్ ముందుకు పోయింది.

నేను ఫ్రిజ్ ముందరే నిలబడిపోయాను. ఆ ప్రశ్న గుర్తును చూస్తుంటే నవ్వు వచ్చింది, ఆ తర్వాత ఇంకేదో వచ్చింది. ఆ ఫ్రిజ్ కింద ఉన్న బండను కాలి వేలితో కొడితే ఇప్పటికీ డొల్లగా మోగుతుంది. ఎందుకు మోగుతుందో ఈ ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు నేను. ఇంకొకరు ఆ పేపరు చదివే మనిషి.

అక్కడ ఒక గుంట ఉండేది. మా తాత మగ్గం గుంట.

కొత్తవాడలో మా వాడకట్టులో అప్పుడు ఇంటికో మగ్గం. నేసేవి షత్రంజీలు. పెండ్లికి, పేరంటానికి, నలుగురు చేరిన ప్రతి చోటా కింద పరిచే పెద్ద నూలు పరుపులు. నేసేవాళ్లు గుంట ఒడ్డున కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేసి కర్రలు తొక్కుతారు. చేతిలో పంజా ఉంటుంది. ఇనుప వేళ్లున్న దువ్వెన లాంటిది. దాంతో నూలును దబ్‌దబ్‌మని కొట్టి బిగిస్తారు. పొద్దున లేస్తే వాడ మొత్తం ఒకటే దబ్‌దబ్. ఎవరి ఇంట్లో ఆ చప్పుడు ఆగితే, వాళ్ల ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని లెక్క. తడి నూలు వాసన, ఉడికే రంగుల వాసన, గోడవారన రంజన్ కుండలో చల్లారే నీళ్ల మట్టి వాసన. ఇప్పుడు ఏ.సీ. వేసిన గదిలో ముక్కు ఎంత ఎగబీల్చినా ఒక్కటి దొరకదు. చల్లదనానికి వాసన లేకపోవడం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు.

ఆ ఎండాకాలం నాకు పదేళ్లు. సెలవులివ్వగానే కాజీపేట నుంచి మా మేనత్త కొడుకు దిగాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. వాళ్ల నాయిన రైల్వేలో పని చేస్తాడు కాబట్టి రైళ్లన్నీ తన ఇంటి ఎడ్లబండ్లు అయినట్టు మాట్లాడేవాడు.

"మా క్వార్టర్ ముంగట నుంచి రైలు సక్కగ ఢిల్లీ పోతది, ఎరుకేనా?"

"మరి నువ్వెందుకు పోలే బావా? ఈడికెందుకొచ్చినవ్?"

"ఢిల్లీల మామిడికాయ తొక్కు దొరకదంట."

అదీ మా బావ. ఆ ఊరగాయ తొక్కు కోసమే వచ్చాడు. నాయనమ్మ ఉప్పు పట్టించి నులక మంచం మీద ఆరబెట్టిన మామిడి ముక్కలు మూడు రోజుల్లో సగమయ్యాయి. ఎవరు తిన్నారని అడిగితే బావ తొణకకుండా కాకి అన్నాడు.

"కాకి ఉప్పు దులిపి తింటదారా?" అంది నాయనమ్మ, మంచం కింద రాలిన ఉప్పు చూపిస్తూ.

ముక్కలు అయిపోయాక మా కన్ను రంగుల మీద పడింది. అద్దకం వేసిన నూలు కట్టలు, చిలపలంటారు, సందుకు అడ్డంగా కట్టిన వెదుళ్ల మీద వేలాడుతుండేవి. ఎండకు వాటి కింద ఎంత చల్లగా ఉండేదో. మేమిద్దరం ఆ తడి నూలు మధ్యలో దాగుడుమూతలు ఆడాం. సాయంత్రానికి నేను సగం నీలం, బావ మొత్తం ఎరుపు. ఆ నూలు పక్కింటి వాళ్లది. వాళ్లు చేసిన గొడవ వాడ చివరిదాకా వినిపించింది.

అదే రోజు ఇంట్లో ఇంకో గొడవ అయింది. దాని సంగతి చెప్తేగాని తర్వాతి కథ తెలియదు.

మా బాపు, తాత కొడుకే అయినా, మగ్గం మీద కూర్చోలేదు. బజారులో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. ఆ రోజు చంకలో ఒక షత్రంజీ చుట్ట పెట్టుకుని ఇంటికి వచ్చాడు. తాత నేసిందే. ఒక పట్టీలో ఎరుపు ఉండాల్సిన చోట సగం దాకా వేరే రంగు పడిందని దుకాణదారు వాపసు ఇచ్చాడు.

"నాయినా, ఇది మూడోసారి," అన్నాడు బాపు. కేకలు వేయలేదు. అలసిపోయిన గొంతుతో అన్నాడు. "నలుగుట్ల నాకు తలకొట్టేసినట్టయితాంది. వయసయింది. ఇగ ఇడిసిపెట్టరాదు."

తాత గుంటలో కాళ్లు ఊపుతూ కూర్చున్నాడు. "పటేలు కొడుకు పెండ్లికి షత్రంజీ చెప్పిపోయిండు కదరా. మాటిచ్చిన."

"సరే. అదొక్కటి నెయ్యి. దాంట్ల తేడా వస్తె మాత్రం ఈ గుంట పూడుస్త. ఈడ మంచమేసుకుందాం. నిమ్మలంగ పండుకో."

"గుంట పూడిస్తె నా కాళ్లు యాడ పెట్టుకోవాలెరా?" అన్నాడు తాత.

నేను కిసుక్కుమని నవ్వాను. నాకది జోకులాగే వినిపించింది. తాత కూడా నవ్వాడు. బాపు నవ్వలేదు. పొయ్యి దగ్గర నాయనమ్మ గరిటె తిప్పడం ఆపేసింది.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ మా ఇద్దరినీ గోడకు నిలబెట్టింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. చార్టు లేదు, గళ్లు లేవు. వేళ్ల మీద లెక్కబెట్టి చెప్పేసింది.

"పొద్దుగాల అంబలి తాగాలె. ఇంత పొద్దెక్కేదాక అరుగు మీద ఆడుకోవాలె. ఆ తర్వాత ఇద్దరు గడప దాటొద్దు. తాత కాడ కూసోవాలె. తాత చెప్పిన ఆట ఆడాలె. మంచిగ ఆడినోళ్లకు పొద్దుమూకినంక ముంజలు."

"ఏం ఆట అమ్మమ్మా?" అన్నాడు బావ.

"గది నన్నెందుకడుగుతవ్? ఆయిననడుగు."

గుమ్మానికి తడి గోనెపట్టా వేలాడేసింది. ఇల్లంతా మసక, చల్లదనం, తడి జనపనార వాసన. ఆ మసకలో తాత మమ్మల్ని గుంట ఒడ్డున చెరోవైపు కూర్చోబెట్టుకున్నాడు. పక్కన గంప. గంపలో రంగు నూలు చుట్టిన కండెలు.

"ఇయ్యాల మనం వంట చేస్తానం," అన్నాడు తాత. "నేను వంటోణ్ని. మీరు సరుకులిచ్చేటోళ్లు. తెల్లది సల్ల. పసుపుపచ్చది పప్పు. ఎర్రది మిరప్పండు. ముదురాకుపచ్చది పుంటికూర. గీ ముదురు ఎరుపు చింతపండు. నీలం అల్లనేరేడు. నేను ఏదడిగితె అది ఇయ్యాలె. తప్పిస్తె ఆ పూట వంట చెడ్తది, ముంజలు బందు."

ఎప్పుడూ ఆకలి మీదే ఉండే పిల్లలకు ఇంతకంటే మంచి ఆట ఏముంటుంది? తాత "పప్పు" అనగానే పసుపు కండె. "మిరప్పండు" అనగానే ఎర్ర కండె. "ఇంత సల్ల పొయ్యిర్రి" అంటే తెల్లది. కండె చేతిలో పెట్టగానే తాత దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "అబ్బ, పోపు బాగ పడ్డది" అనేవాడు. మేం పడీ పడీ నవ్వేవాళ్లం. ఆట నడుమ కథలు చెప్పేవాడు. మేడారం జాతరకు బండి కట్టుకుని పోయినప్పుడు ఎద్దు వాళ్ల బెల్లమంతా తినేసి అడవిలో కదలకుండా పడుకున్న కథ ఒకటి. అది నాలుగు సార్లు చెప్పాడు. నాలుగు సార్లూ ఎద్దు రంగు మారింది.

మొదట ఒక చిన్న షత్రంజీ అయిపోయింది. బాపు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక్క పట్టీ తేడా లేదు. చుట్టి దుకాణానికి పట్టుకుపోయాడు. ఆ సాయంత్రం నాయనమ్మ ముంజలు రెండు రెట్లు తెప్పించింది.

అది మా సెలవుల కోసం పుట్టిన ఆటే అనుకున్నాను నేను. నాయనమ్మ పొద్దున్నే తులసి ముందు నిలబడి, "సమ్మక్క తల్లీ, జర చూపు నిలుపమ్మా, నిలువెత్తు బెల్లం తెస్త" అని గొణుక్కోవడం విన్నాను. విని, నాయనమ్మకు దారం సూదిలోకి ఎక్కడం లేదేమో అనుకున్నాను. పదేళ్ల తెలివి అంతే ఉంటుంది. అందులో సగం ముంజల మీదే ఉంటుంది.

పెండ్లి షత్రంజీ మొదలుపెట్టిన రెండో రోజున బావ నా చెవిలో ఊదాడు.

"తాతకు అన్నెరుక. నువ్వు తప్పిస్తె చెవి మెలిపెడ్తడు. నీకు దమ్ముంటె చింతపండు అడిగినప్పుడు పుంటికూర ఇయ్యి."

"ఇస్తె ఏమిస్తవ్?"

"నా ముంజలన్ని నీకే. ఆఖరి ముంజ దాక."

దమ్ము సంగతి ఎత్తితే నేను ఊరుకునేదాన్ని కాదు. ఇప్పటికీ ఊరుకోను. తాత "చింతపండు" అన్నాడు. నేను పుంటికూర కండె చేతిలో పెట్టి, చెవి ముందుగానే సగం పక్కకు తిప్పి పెట్టుకున్నాను.

తాత వాసన చూశాడు. "పులుసు బాగ మరిగింది," అన్నాడు. నేయడం మొదలుపెట్టాడు.

బావ నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. నాకు కడుపు నొప్పి పుట్టేంత నవ్వు. తాత దబ్‌దబ్ కొడుతున్నాడు. ఇప్పుడు చూస్తాడు. ఈ వరుసకు చూస్తాడు. వచ్చే వరుసకు చూస్తాడు. పసుపు పట్టీ పక్కన ఆకుపచ్చ రంగు వేలంత అయింది. రెండు వేళ్లంత అయింది. తాత ఏదో కూనిరాగం తీస్తున్నాడు. నేను ఆయన మొహంలోకి చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నూలు మీద లేవు. ఎదురుగా గోడ మీద ఉన్నాయి. నూలును చూస్తున్నవి ఆయన వేళ్లు.

నా నవ్వు ఎక్కడ ఆగిందో నాకే తెలియదు. బావ వైపు చూస్తే వాడూ తువ్వాలు తీసేశాడు. "నేను కాజీపేట పోత," అని సన్నగా గొణిగి, పెరట్లోకి జారుకున్నాడు.

"మిరప్పండు ఇయ్యి బిడ్డా," అన్నాడు తాత చెయ్యి చాపి.

నేను ఇవ్వలేదు. "తాతా, ఇందాక నువ్వు చింతపండడిగితె నేను పుంటికూర ఇచ్చిన."

పంజా ఆగింది. తాత నేసినంత మేర అరచేత్తో మెల్లగా రాశాడు. ఎంత రాసినా చేతికి రంగు తెలియదు కదా. "ఎంతయింది?" అని అడిగాడు.

నేను నా చెయ్యి పెట్టి చూశాను. "నాలుగు వేళ్లంత."

"ఊఁ."

"నీకు కండ్లు కనవడ్తలెవ్వా తాతా?"

"ఎందుకు కనవడయ్? గోడ కనవడ్తది. మనుషులు కనవడ్తరు. మీ నాయనమ్మ కోపమైతె దూరంకెల్లే కనవడ్తది," అన్నాడు. నేను నవ్వలేదని తెలిసి గొంతు తగ్గించాడు. "రంగులే బిడ్డా. మసక పడ్డయ్. పుంటికూర, చింతపండు నాకిప్పుడు ఒక్కతీరుగనే ఉంటానయ్."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. గుంట పూడుస్తానన్న బాపు మాట అప్పుడు గుర్తొచ్చింది. నేను జోకు అనుకుని నవ్విన మాట కూడా గుర్తొచ్చింది.

"ఇప్పేద్దాం తాతా. నేను సాయం పడ్త."

"ఇప్పొచ్చు. ఇప్పుతాంటె మీ బాపు రానే వస్తడు. ఎందుకు ఇప్పుతానవ్ అంటడు. ఏం చెప్పాలె?" పట్టీ మీద మళ్లీ వేళ్లు ఆనించాడు. "నువ్వు నిజం చెప్పు. చూస్తె ఎట్ల కనవడ్తాంది?"

ముక్కు తుడుచుకుని చూశాను. "మంచిగనే ఉన్నది తాతా. పక్కన పసుపున్నది కద. చేను తీరు కనవడ్తాంది."

"నిజమా? నవ్వులాటకంటానవా?"

"నీ మీదొట్టు."

"అయితె ఉండనీ. అటు చివర గూడ గింతే ఏద్దాం. ఒక్కకాడ ఉంటె తప్పంటరు. రెండుకాడ ఉంటె అంచంటరు." కండ్లు నా వైపు తిప్పాడు. చూడ్డానికి కాదు, వినడానికి తిప్పినట్టు. "గని ఆ దాక నువ్వు నాతోని పరాష్కం, నవ్వులాట ఆడొద్దు. ఆడుతవా?"

"ఆడ తాతా."

బాపు సాయంత్రం రాగానే మగ్గం దగ్గరకే వచ్చాడు. "ఈ ఆకుపచ్చ ఏంది నాయినా? పటేలు చెప్పిండా?"

"పెండ్లింటికి పొయ్యేది కదరా. పచ్చగుండాలని నేనే ఏసిన."

"ఇంతకు ముందెప్పుడు ఏయలే?"

"ఇంతకు ముందు ఈ పోరి నా పక్కన లేదు."

బాపు నా వైపు చూశాడు. నా మొహం ఎటు పెట్టుకోవాలో తెలియక గంపలో పెట్టుకున్నాను. "అటు చివరకు ఎట్లొస్తదో చూస్త," అని లోపలికి పోయాడు.

ఆ తర్వాత వారం రోజులు నేను ఒక్క జోకు వేయలేదు. నన్ను ఎరిగినవాళ్లకు చెప్తే నమ్మరు. నాకు జ్వరమొచ్చిందని మా అమ్మ రెండుసార్లు నుదురు పట్టి చూసింది. తాత "పప్పు" అంటే పప్పే. ఇచ్చే ముందు గోనెపట్టా సందులోంచి వచ్చే వెలుతురులో పెట్టి చూసి మరీ ఇచ్చేదాన్ని. బావ కాజీపేట పోలేదు. పెరట్లో సగం రోజు దాక్కుని, ఆకలై తిరిగొచ్చాడు. పందెం ప్రకారం తన ముంజలన్నీ తెచ్చి నా ముందు పెట్టాడు. నాకు మింగుడు పడలేదు. ఆ ముంజలు నాయనమ్మ తింది.

షత్రంజీ నేసిన కొద్దీ తాత ముందున్న కర్రకు చుట్టుకుపోతుంది. మొదట నేసిన చివర లోపలెక్కడో పొరల కింద ఉండిపోతుంది. కొలుచుకుందామన్నా కనబడదు. రెండో చివరకు వచ్చాక తాత అడిగాడు. "నాలుగు వేళ్లే కద?"

"నాలుగే."

తాత తన నాలుగు వేళ్లు నూలు మీద బోర్లించి పెట్టుకున్నాడు. అంత మందం వచ్చేదాకా నేశాడు. నేను పక్కనే ఉండి లెక్కబెట్టాను కూడా. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వేళ్లు సరిగ్గా నాలుగు. లెక్కల్లో నేను ఎప్పుడూ మంచిదాన్నే.

పటేలు వచ్చే రోజు బాపు దుకాణానికి పోలేదు. తాత షత్రంజీని మగ్గం మీది నుంచి కోశాడు. బావా నేనూ పట్టుకుని నేల మీద పరిచాం. రెండు చివరలూ ఒకేసారి కనబడటం అదే మొదలు.  ఒక చివర పచ్చ పట్టీ సన్నగా ఉంది. ఇంకో చివర దానికంటే బాగా లావుగా ఉంది.

తాతకు తెలియదు. గర్వంగా తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. అప్పుడే పటేలు లోపలికి వచ్చాడు. పొలం ఎండ మొహమంతా పులుముకున్న మనిషి, తలకు రుమాలు. చెప్పులు బయట విడిచి వచ్చి షత్రంజీ చుట్టూ తిరిగాడు.

"ఇదేంది పెద్దాయినా?" అన్నాడు. "ఇటు సన్నంగున్నది, అటు లావుగున్నది?"

తాత మొహం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "సన్నమా?" అన్నాడు. ఆయన చెయ్యి గాలిలో నా కోసం వెతికింది. నాయనమ్మ గుమ్మంలో చల్ల గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. బాపు షత్రంజీ వైపు, తాత వైపు, గుంట వైపు చూశాడు. ఆ మూడో చూపు చూశాక నేను ఆగలేకపోయాను.

"సన్నది పెండ్లిపిల్లకు పటేలా," అన్నాను. "లావుది పెండ్లికొడుకుకు. ఇటు పిల్ల కూసుంటది, అటు పిలగాడు కూసుంటడు. ఎవలిది వాళ్లకెరుక ఉండాలె కద. కొట్లాట రావద్దని తాత గట్లేసిండు."

 పటేలు నవ్వాడు. మామూలు నవ్వు కాదు, రుమాలు ఊడి కిందపడేంత నవ్వు.

"మా పిలగాడు లావేనే పోరీ! నీకెట్లెరుక?" కండ్లు తుడుచుకున్నాడు. "మంచిగున్నది పెద్దాయినా. మా ఊళ్లె ఎవలింట్ల లేదు ఇసొంటిది."

నాయనమ్మ ఆయన్ను చల్ల తాగమని అరుగు మీదికి పిలుచుకుపోయింది. లోపల మేమే మిగిలాం. బాపు నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

"ఇట్ల రా," అన్నాడు నన్ను. "చెయ్యి పెట్టు."

సన్న పట్టీ మీద నా నాలుగు వేళ్లు పెట్టాను. అంచుకు అంచు సరిపోయింది. బాపు లేచి తాత చెయ్యి పట్టుకుని అవతలి చివరకు తీసుకుపోయాడు. "నాయినా, నువ్వు పెట్టు." ఆ లావు పట్టీ మీద తాత నాలుగు వేళ్లు, చర్మం గట్టిపడ్డ వేళ్లు, అంచుకు అంచు సరిపోయాయి.

బాపు ఆ చేతిని వదల్లేదు. "ఎప్పటి సంది నాయినా?"

"పోయిన ఎండాకాలం సంది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె గుంట పూడుస్తవాయె."

బాపు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మా బాపు ఏడవగా నేను చూసింది అప్పుడే. చూశానంటే వీపునే చూశాను.

ఆ తర్వాత తాతను కండ్ల దవాఖానకు తీసుకుపోయాడు. ఒక కన్నుకు కొంత చూపు వచ్చింది, రెండోదానికి రాలేదు. కట్టు విప్పిన రోజు తాత నన్ను దగ్గరకు పిలిచి అద్దాల్లోంచి చాలాసేపు చూసి, "ఓ పోరీ, నువ్వు గింత నల్లగున్నవా? నీ మాటలు విని ఎర్రగుంటవనుకున్న," అన్నాడు. రంగులు మాత్రం పూర్తిగా తేరుకోలేదు. మసక వెలుతురులో పుంటికూర, చింతపండు మళ్లీ కలిసిపోయేవి.

బడులు తెరిచారు. ఒక్క నెల ఆగి పోతానన్నాను. తర్వాత ఇంకో నెల. బాపు తిట్టాడు, బెదిరించాడు, ఒకసారి చెయ్యి పట్టి గడప దాకా లాక్కుపోయాడు. నేను గుంట ఒడ్డు వదల్లేదు. నేను గంప పక్కన ఉంటేనే దబ్‌దబ్ వినిపిస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు. చివరికి బాపు కూడా చెప్పడం మానేశాడు. అలా నా చదువు అయిదో తరగతి దాకా బడిలో, తర్వాత గుంట ఒడ్డున జరిగింది. తప్పు రంగు ఇచ్చినదాన్ని నేనే కదా. సరైన రంగు ఇవ్వడానికి ఇంకెవరిని పెడతారు? ఒక్కోసారి మా కోడలు లాప్‌టాప్ మీద వేళ్లు ఆడిస్తుంటే వెనక నిలబడి చూస్తాను. చెప్పొద్దూ, లోపల కొంచెం కలుక్కుమంటుంది. అంతలోనే పుంటికూర గుర్తొస్తుంది.

తాత పోయాక ఆ మగ్గం మీద ఎవరూ కూర్చోలేదు. బాపు చాలా రోజులు ఆగాడు. చివరికి ఒకనాడు మట్టి తెప్పించాడు. పోసే ముందు తను గుంట ఒడ్డున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేశాడు. నేయడం రాని మనిషి, ఊరికే కర్రలు తొక్కాడు. ఆ మట్టి ఎంత దిమ్మిస కొట్టినా పూర్తిగా కూరుకోలేదు. దాని మీద మంచం వేశారు, తర్వాత టీవీ పెట్టారు. ఇప్పుడు ఫ్రిజ్ ఉంది. వాడలో దబ్‌దబ్ ఒక్కో ఇంట్లో ఆగుతూ వచ్చింది. ఎవరికి ఒంట్లో బాగాలేదని అడగడం కూడా మానేశాం.

కాజీపేట బావ ఏమయ్యాడంటారా? మా బాపుకు నేనొక్కదాన్నే. బావ ఇల్లరికం వచ్చాడు. పెండ్లి పీటల మీద చేతిలో ముంజలు పెట్టి, "అప్పటియి అమ్మమ్మ తిన్నది, బాకీ ఉన్నది" అన్నాడు. ఇప్పుడు కుర్చీలో పేపరు చదువుతున్నది ఆయనే.

ఆ షత్రంజీ ఏ ఊళ్లో ఉందో, ఎన్ని పెండ్లిళ్లకు పరిచారో, చిరిగి ఎవరి గడప ముందు కాళ్లు తుడుచుకునే పట్టాగా మిగిలిందో తెలియదు. దొరికితే మాత్రం ఒకసారి చెయ్యి పెట్టి చూసుకోవాలని ఉంది. సన్న పట్టీకి నా చెయ్యి ఇప్పుడు సరిపోదు. లావు పట్టీకి సరిపోతుందనుకుంటా.

పదకొండు కాగానే మనవరాలు, మనవడు ఫోన్‌లో అలారం పెట్టుకుని వచ్చారు. "నానమ్మా, నీ అరగంట షురూ అయింది."

నేను ఫ్రిజ్ పక్కన కింద కూర్చుని, వాళ్ల రంగు పెన్సిళ్ల డబ్బా ముందర పెట్టుకున్నాను. తెల్ల కాగితం మీద చెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాను.

"ఇయ్యాల మనం వంట చేస్తానం," అన్నాను. "నేను వంటదాన్ని. మీరు సరుకులిచ్చేటోళ్లు."

ఏ రంగు ఏ కూరో చెప్పాను. కాసేపు బాగానే సాగింది. "చింతపండు ఇయ్యి," అన్నాను. చేతిలో ఒక పెన్సిల్ పడింది. వెంటనే ఎవరో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న చప్పుడు. ఆ నవ్వు నాకు తెలుసు. అది మా ఇంటి నవ్వు. కుర్చీ వైపు నుంచి పేపరు మడిచిన చప్పుడు కూడా వినిపించింది. నేను కళ్లు తెరవలేదు. పెన్సిల్ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను.

"పులుసు బాగ మరిగింది," అని గియ్యడం మొదలుపెట్టాను.

నేను గీసింది నాలుగు వేళ్లంత అయిందో లేదో, పిల్లల నవ్వు ఆగింది. మనవరాలు నా మోకాలు మీద చెయ్యి వేసింది. "నానమ్మా, నేను తప్పిచ్చిన. ఆకుపచ్చ ఇచ్చిన."

"తెలుసు బిడ్డా," అని కళ్లు తెరిచాను. "ఉండనీ. అటు చివర గూడ గింతే ఏద్దాం. చెయ్యి పెట్టు, కొలుద్దాం."

అది బుద్ధిగా నాలుగు వేళ్లు పెట్టింది. మనవడికి ఆటలో తన వంతు ఇంకా రాలేదు. విసుగొచ్చి నా పక్కన చతికిలపడి, చల్లటి బండ మీద అరికాళ్లు ఆనించాడు.

"నానమ్మా, సోఫా ఉన్నది, కుర్చీలున్నయ్. నువ్వు ఎప్పుడు సూసినా గీ ఫ్రిజ్ కాడనే ఎందుకు కూసుంటవ్?"

"ఈడనైతె కాళ్లు పెట్టుకోను జాగ ఉన్నది బిడ్డా," అన్నాను.